ఇంట్లో కలర్ ఫిల్మ్ కడిగేటప్పుడు నీళ్ల టెంపరేచర్ నిలబడట్లేదు, మీరెలా పట్టుకుంటున్నారు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. బ్లాక్ అండ్ వైట్ రెండేళ్ల నుంచి ఇంట్లోనే కడుగుతున్నా, 20 డిగ్రీల దగ్గర ఓ డిగ్రీ అటూ ఇటూ అయినా టైమ్ కాస్త మార్చుకుంటే సరిపోయేది కాబట్టి టెంపరేచర్ గురించి ఎప్పుడూ బుర్ర పెట్టలేదు. ఈమధ్య సీ-41 (కలర్ నెగటివ్ ఫిల్మ్ కడిగే పద్ధతి) మొదలుపెట్టా, బొమ్మ తెప్పించే డెవలపర్, ఆ తర్వాత ఫిల్మ్‌లోని వెండిని తీసేసే బ్లిక్స్ అని రెండే సీసాల కిట్, ఒక్కోటి లీటరు. ప్లాస్టిక్ టబ్బులో వేన్నీళ్లు చన్నీళ్లు కలిపి 38 వచ్చాక సీసాలు అందులో పెట్టి, పదిహేను నిమిషాలు ఆగి, డెవలపర్ పోసి 3 నిమిషాల 15 సెకన్లు. మొదటి రోల్ బానే వచ్చింది. రెండోది మాత్రం నెగటివ్ పల్చగా ఉంది, స్కాన్ చేస్తే నీడలు ఆకుపచ్చగా, వెలుతురున్న చోట్లు గులాబీగా వస్తున్నాయి, ఒకటి సరిచేస్తే ఇంకోటి పాడవుతోంది. పని అయ్యేసరికి టబ్బు 36కి దిగింది, మధ్యలో వేడినీళ్లు పోస్తే ఒక్కసారి 40 దాటేసింది. అది మా అమ్మానాన్నల ఫొటోలున్న రోల్, చాలా బాధేసింది. చేపల తొట్టిలో పెట్టే హీటర్ కొంటే సరిపోతుందా? లేక నేను వేరే ఏదైనా తప్పు చేస్తున్నానా?

జవాబు:
హీటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒకటి చెప్పండి, 38 అని చూసింది టబ్బులోనా సీసాలోనా? టబ్బులోనే అని నా అనుమానం. లీటరు ద్రవం, అదీ ప్లాస్టిక్ సీసాలో, పదిహేను నిమిషాల్లో టబ్బుతో సమానంగా వేడెక్కదు, అరగంట పైనే పడుతుంది, మధ్యమధ్యలో సీసాని తిరగేసి కదపాలి కూడా. ఈసారి మూత తీసి థర్మామీటర్ డెవలపర్‌లోనే ముంచి చూడండి. టబ్బు నీళ్లు ఎంతున్నాయన్నది ఫిల్మ్‌కి అనవసరం, దానికి తగిలేది డెవలపర్ ఒక్కటే కదా.

ఎందుకింత పట్టింపంటే, 1972లో కొడాక్ ఈ ప్రాసెస్ తెచ్చినప్పటి నుంచీ డెవలపర్‌కి పెట్టిన లెక్క 37.8 డిగ్రీలు, అటూ ఇటూ 0.15 అంతే. ఫిల్మ్‌లో పైన నీలానికి ఒక పొర, మధ్యలో ఆకుపచ్చకి, అడుగున ఎరుపుకి ఇంకో పొర ఉంటాయి, డెవలపర్ పైనుంచి కిందికి ఇంకుతూ వెళ్లాలి, ఆ మూడూ కలిసి సరిగ్గా రావడానికే ఆ టైమూ ఆ వేడీ. చల్లబడితే ఒక్కో పొర ఒక్కోలా వస్తుంది, మీరు చెప్పిన నీడలకో రంగు వెలుతురుకో రంగు అదే, దాన్ని క్రాసోవర్ అంటారు, స్కాన్‌లో ఒక్క స్లైడర్‌తో పోదు. ఇంట్లో 0.15 పట్టుకోవడం కష్టమే కానీ అర డిగ్రీ లోపల ఉంచితే నా నెగటివ్‌లు నాకు నచ్చేలా వస్తున్నాయి.

ఇంకో మాట, ఫిల్మ్ చుట్టే రీలూ, దాన్ని పెట్టి కడిగే ట్యాంకూ గది వేడిలో ఉంటాయి, అందులో 38 డెవలపర్ పోయగానే ఓ డిగ్రీ పైనే పోతుంది. అందుకే ముందు 39 దగ్గర ఉన్న మంచినీళ్లు ట్యాంక్‌లో పోసి, రెండు మూడు నిమిషాలుంచి పారబోసి, వెంటనే డెవలపర్ పోయండి. బ్లిక్స్‌కి ఇంత బెంగ అక్కర్లేదు, అది పూర్తయ్యేదాకా ఉంచడమే ముఖ్యం, కాస్త చల్లారితే ఇంకాసేపు ఉంచితే సరి. మీ జాగ్రత్తంతా ఆ మూడుంపావు నిమిషాల మీదే పెట్టండి.

ఇంకో జవాబు:
చేపల తొట్టి హీటర్ వద్దండి. చాలావాటికి 32, 34 దగ్గరే ఆగిపోయేలా థర్మోస్టాట్ ఉంటుంది, 38కి ఎక్కవు. నేను వంటకి వాడే సూవీడ్ మెషీన్ (గిన్నెలో నీళ్లని పెట్టిన వేడి దగ్గరే నిలబెట్టేది) వాడుతున్నా, అది నీళ్లని వేడి చేయడమే కాదు తిప్పుతూ ఉంటుంది, అందుకే టబ్బులో ఒక మూల వేడి ఒక మూల చల్లన అన్నది ఉండదు. డెవలపర్‌లో 37.8 రావడానికి నా టబ్బులో 38.3 పెట్టాల్సి వచ్చింది, మీకు ఎంతో మీరే కొలిచి చూసుకోండి. మీది స్టీల్ ట్యాంక్ అయితే వేడి త్వరగా తీసుకుంటుంది, బయటికి తీస్తే అంతే త్వరగా పోగొట్టుకుంటుంది, ప్లాస్టిక్ రెండూ నిదానం. ఏదైనా సరే తిప్పేటప్పుడు తప్ప మిగతా టైమంతా ట్యాంక్ నీళ్లలోనే ఉండాలి. మెషీన్ మీద గుర్తు పెట్టిన మట్టానికి నీళ్లు తగ్గనివ్వకండి, తడిచేత్తో ప్లగ్ ముట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే వచ్చి కొలిచా అన్నా. టబ్బు 38, పదిహేను నిమిషాల తర్వాత సీసా లోపల 34.5! నేను మూడు డిగ్రీల పైనే తక్కువలో ఫిల్మ్ కడిగానన్నమాట. మొదటి రోల్ రోజు సీసాలు టబ్బులో పెట్టి ఫోన్ వస్తే గంటసేపు వదిలేశా, అందుకే బాగా వచ్చిందని ఇప్పుడర్థమైంది. సూవీడ్ కొనడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఈలోపు మెషీన్ లేకుండా దారి ఏమైనా ఉందా?

మరో జవాబు:
ఉంది, నేను మొదట్నుంచీ అలాగే చేస్తున్నా. టబ్బు బదులు మూతున్న ఐస్ బాక్స్ తీసుకోండి, సీసాల మెడదాకా నీళ్లు నింపండి. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత నిదానంగా చల్లారతాయి, వేడి ఎక్కువగా పోయేది పైనుంచి ఆవిరై, అందుకే మూత. 40 దగ్గర మొదలుపెట్టి సీసాలు పెట్టి మూసేయండి, అరగంట తర్వాత డెవలపర్‌లో చూస్తూ, కావాలంటే మగ్గుతో కాసిని నీళ్లు తీసి అంతే వేడినీళ్లు పోసి కలపండి, కెటిల్ నుంచి నేరుగా కుమ్మరిస్తేనే మీకు 40 దాటింది. ఒక్క మూడుంపావు నిమిషాలు నిలబడితే చాలు కదా, బాక్స్‌లో ఆ కాసేపట్లో పెద్దగా దిగదు.

థర్మామీటర్‌నీ నమ్మేయకండి. నాది డిగ్రీన్నర తప్పు చూపించేది, మూడు రోల్స్ పోయాక తెలిసింది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ సరిగ్గా ఈ 35 నుంచి 42 మధ్యే కచ్చితంగా ఉంటుంది, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో రెండిటి కొసలూ పక్కపక్కన పెట్టి తేడా కాగితం మీద రాసుకోండి. కాకపోతే అది ఎక్కిన అంకె దగ్గరే ఆగిపోతుంది, నీళ్లు చల్లారినా దిగదు, ప్రతిసారీ ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ఐస్ బాక్స్‌తో చేశా. పోసేముందు డెవలపర్ 38, అయ్యాక బయటికి పోస్తూ చూస్తే 37.5. నెగటివ్ ఆరేశా, దట్టంగా ఉంది, స్కాన్‌లో నాన్న బూడిదరంగు చొక్కా నీడలోనూ ఎండలోనూ బూడిదరంగులోనే ఉంది. చాలా థాంక్స్ అందరికీ.