పరాయి దేశంలో సైన్యాన్ని ఉంచితే గిట్టుబాటేనా? లెక్క ఎలా వేయాలి?

గోదారి గట్టు (రాజోలు)
కాకినాడ తీరంలో మనవాళ్లూ అమెరికావాళ్లూ కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు చూశాక వచ్చిన సందేహమండి. అవి కొద్ది రోజుల్లో అయిపోతాయి. అదే ఏళ్ల తరబడి బయట దేశంలో దళాలను ఉంచితే లాభనష్టాలు ఎలా తేలుస్తారు? దండగ అనేవాళ్లు జీతాలతో సహా అన్నీ కూడేస్తారు. అవసరం అనేవాళ్లు అంకె చెప్పకుండా దాటేస్తారు. విడమర్చి చెప్పేవాళ్లుంటే చెప్పండి.

పద్దు పుస్తకం (కాకినాడ)
ముందు జీతాలు కొట్టేయండి. జవాను ఇక్కడున్నా జీతం ఇవ్వాల్సిందే కదండీ. అక్కడ ఉంచినందుకు అదనంగా పడేదే ఖర్చు: విదేశీ భత్యం, మనుషుల రానూపోనూ, ఇంధనం, విడిభాగాల రవాణా, కట్టడాలు. అందులోంచి ఆ దేశం భరించేది తీసేయాలి. 2022 నుంచి ఐదేళ్లకు అమెరికా దళాల కోసం జపాన్ ఒప్పుకున్నది సుమారు 1.05 లక్షల కోట్ల యెన్లు. స్థావరాల్లో పనిచేసే జపాన్ సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లులు అందులోవే. ఆ దళాలను వెనక్కి పిలిస్తే ఈ సొమ్ము ఆగిపోతుంది, పైగా సొంత దేశంలో కొత్త బ్యారక్‌లు కట్టాలి. ‘ఇంటికి తెస్తే ఆదా’ అనే మాట చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

ఇక లాభం. అది డబ్బులో కంటే రోజుల్లో బాగా కనిపిస్తుంది. సముద్రపు దొంగల బెడదకు మన నౌకాదళం 2008 అక్టోబరు నుంచి ఏడెన్ సింధుశాఖలో కాపలా కాస్తోంది. ముంబై నుంచి ఏడెన్‌కు సుమారు 1,650 నాటికల్ మైళ్లు. గంటకు 15 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తే నాలుగున్నర రోజులు. పోనూ రానూ తొమ్మిది రోజులు దారికే. అందుకే కాపలాలో ఒక ఓడ ఉండాలంటే మూడు కావాలంటారు: ఒకటి అక్కడ, ఒకటి దారిలోనో శిక్షణలోనో, ఒకటి మరమ్మతులో. దగ్గర్లోనే ఇంధనం, చిన్న మరమ్మతులు దొరికితే ఆ భారం తగ్గుతుంది. ఓడ ఖరీదుతో పోల్చి చూడండి, రేవు అద్దె ఏపాటి?

లంక రైతు (ముమ్మిడివరం)
పద్దు గారు ఒకటి వదిలేశారు. కౌలు చెరువు చేసినవాళ్లకు ఇది తెలుసు. గడువయ్యాక ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) పీకి తెచ్చుకుంటాం, తవ్వి పోసిన గట్లు తెచ్చుకోలేం. తజికిస్థాన్‌లో దుషాన్‌బే పక్కనున్న ఐనీ విమానాశ్రయాన్ని మనం బాగుచేశాం, రన్‌వే పొడిగించాం. ఒప్పందం ముగిసింది, 2022లో అప్పగించి వచ్చేశాం. నైజర్‌లోని అగాదెజ్‌లో అమెరికా 10 కోట్ల డాలర్లకు పైగా పోసి డ్రోన్ల స్థావరం కట్టింది. 2023లో సైన్యం అధికారం పట్టింది, 2024లో ఖాళీ చేయించింది. కాబట్టి తెచ్చుకోలేని ఖర్చును ఒప్పందం ఉన్నన్ని ఏళ్లకే పంచి వేయాలి, కట్టడం నిలిచే ఏళ్లకు కాదు.

పాత ఫైలు (అమలాపురం)
డబ్బుతో తీరే బాధయితే ఫర్వాలేదండి. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశాక మన శాంతి సేన శ్రీలంక వెళ్లింది. అక్కడి తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ ఆయుధాలు అప్పగిస్తుంటే చూడ్డమే పని. అక్టోబరుకల్లా వాళ్లతోనే యుద్ధం. జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో రాత్రిపూట హెలికాప్టర్ల నుంచి దించిన 30 మంది సిక్కు లైట్ ఇన్‌ఫంట్రీ జవాన్లలో 29 మంది చనిపోయారు. ఈలోగా కొలంబోలో ప్రభుత్వం మారింది. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మనల్నే పొమ్మన్నాడు. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నాం. పిలిచిన చేతులు మారాయి, అప్పగించిన పనీ మారింది. ఈ రెండిట్లో ఏది మారినా వెనక్కి ఎలా రావాలో వెళ్లే ముందే కాగితం మీద ఉండాలి. అప్పుడు లేదు.

స్థానికుల ఓర్పుకూ ఒక గడి పెట్టండి. జపాన్ భూభాగంలో ఒకినావా 0.6 శాతమే, కానీ జపాన్ మొత్తంలో అమెరికా దళాలు మాత్రమే వాడే స్థావరాల భూమిలో దాదాపు 70 శాతం ఆ దీవిలోనే ఉంది. అక్కడి గొడవ అందుకే చల్లారదు.

గోదారి గట్టు
అయితే స్థావరం లేకుండా వాడుకునే హక్కు మాత్రం రాసుకుంటే సరిపోతుందాండీ?

పద్దు పుస్తకం
కొంతవరకు. 2016లో అమెరికాతో కుదిరిన లెమోవా అలాంటిదే: ఒకరి రేవులో ఒకరు ఇంధనం, సామాను తీసుకుంటారు, బిల్లు తర్వాత చెల్లిస్తారు. స్థావరమేమీ ఉండదు. మాల్దీవుల్లో 2024 మేలో మన జవాన్లు వచ్చేశారు, మనం ఇచ్చిన హెలికాప్టర్లూ డోర్నియర్ విమానమూ అక్కడే ఉన్నాయి, నడిపేది సివిల్ సాంకేతిక సిబ్బంది. యూనిఫాం తీసేస్తే సగం గొడవ పోయిందన్నమాట.

చిక్కేమిటంటే, అసలు అవసరం పడ్డ రోజున అవతలివాళ్లు కాదనొచ్చు. ఆ మాటకొస్తే స్థావరమున్నా అంతే. తుర్కియేలో అమెరికాకు ఇన్‌జిర్లిక్ వైమానిక స్థావరం ఉంది, నాటో బంధమూ ఉంది. అయినా ఇరాక్ యుద్ధానికి అమెరికా దళాలను తమ నేల మీదుగా పంపడానికి 2003 మార్చి 1న అక్కడి పార్లమెంటు ఒప్పుకోలేదు. అమెరికా నాలుగో పదాతి డివిజన్ సామానుతో మధ్యధరా సముద్రంలో కాచుక్కూర్చున్న ఓడలు సూయజ్ మీదుగా కువైట్‌కు చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అందుకే ఒకే రేవును నమ్ముకోకుండా రెండో రేవు ఖర్చు కూడా ఈ పద్దులోనే రాయండి.