కవా ఇజెన్ అగ్నిపర్వతంపై గంధకపు పొగ: కళ్లజోడు ఉన్నవారు కళ్లను ఎలా కాపాడుకోవాలి?

ఇండోనేషియాలో తూర్పు జావాలోని కవా ఇజెన్ అగ్నిపర్వతం మీదికి వచ్చే నెలలో గైడుతో రెండోసారి వెళ్లబోతున్నాను. మొదటిసారి, నడక మొదలయ్యే పల్తుడింగ్ నుంచి సుమారు 3 కిలోమీటర్ల దారిని రెండు గంటల్లో ఎక్కి, తెల్లవారుజామున 4 గంటలకు బిలం అంచుకు చేరినా, గాలి మావైపు తిరిగి గంధకపు పొగ కమ్మేయడంతో పది నిమిషాలకే కళ్లు తెరవలేక వెనుదిరగవలసి వచ్చింది. ముక్కు, నోరు కప్పే మాస్కును గైడు ఇచ్చారు కాబట్టి దగ్గు రాలేదు, ఇబ్బందంతా కళ్లకే. ఆ పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కంటి తడిలో కరిగి ఆమ్లంగా మారుతుంది. మంచినీళ్లతో ఎన్నిసార్లు కడిగినా మంట మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

నాకు రెండు కళ్లకూ మైనస్ 5 ఉంది. కళ్లజోడు లేకుండా ఆ రాళ్ల దారిలో అడుగు వేయలేను. కాంటాక్ట్ లెన్సులు వాడవద్దని కంటి డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

ఇంటి దగ్గర ప్రయత్నించి చూశాను. ఈత కళ్లద్దాలు కళ్లజోడు మీద పట్టలేదు. ప్రయోగశాలల్లో వాడే గాగుల్స్ పట్టాయి గానీ, వాటి పక్క రంధ్రాలను టేపుతో మూసి మెట్లు ఎక్కితే ఐదు నిమిషాల్లో లోపలంతా ఆవిరి కమ్మింది. ఆవిరి పట్టనివ్వని స్ప్రే కొడితే 15 నిమిషాలు మాత్రమే ఆగింది. ముఖమంతా కప్పే మాస్కు పెట్టుకుంటే, కళ్లజోడు కాడలు రబ్బరు అంచును పైకి లేపడంతో కణతల దగ్గర చిటికెన వేలు దూరేంత సందు ఏర్పడింది.

నాలాంటి చూపుతో ఇజెన్ గానీ, అలాంటి పొగ ఉన్న మరో అగ్నిపర్వతం గానీ ఎక్కినవారు, కనీసం గంటసేపు పొగ లోపలికి రాకుండా, ఆవిరి పట్టకుండా నిలిచిన ఏ రకం గాగుల్స్ లేదా మాస్కు వాడారో దయచేసి చెప్పగలరా?