ఈసీఆర్‌లో తాళం వేసిన ఇల్లు: ఏడాదికోసారి వస్తే ఏం చూసుకోవాలి?

ఇంజంబాక్కం_ఇల్లు (ప్రశ్న)

నమస్తే అండి. చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ఇంజంబాక్కంలో సముద్రానికి అరకిలోమీటరు లోపు ఇండిపెండెంట్ ఇల్లు. ఉండేది డాలస్‌లో. డిసెంబరులో మూడు వారాలు వస్తాం, మిగతా పదకొండు నెలలు తాళమే. వారానికోసారి ఒకాయన వచ్చి ఊడ్చి వెళ్తారు.

వచ్చినప్పుడల్లా ఇదే వరస. తలుపు తీయగానే బాత్రూముల్లోంచి మురుగు కంపు. బోరు మోటారు గుర్రుమంటుంది గానీ నీళ్లు ఎక్కవు. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. కిటికీ బందులు బిగుసుకుపోతున్నాయి, సజ్జ కింద పెచ్చులు ఊడుతున్నాయి. అద్దెకిచ్చే ఉద్దేశం లేదు. ఏది ఎందుకు పాడవుతోంది? వెళ్లేముందు ఏం చేయాలి, ఆ మనిషికి ఏ పనులు చెప్పాలి?

సంప్_మోటారు

కంపు సంగతి సులువు. ప్రతి నహానీ ట్రాప్‌లో (బాత్రూము నేలలో జాలీ కింది వంపు), కమోడ్‌లో, సింకు కింద వంపులో రెండంగుళాల మేర నీళ్లు నిలబడి ఉంటాయి. డ్రైనేజీ గాలిని ఆపేది ఆ నీళ్లే. మూసిన ఇంట్లో, మన ఎండలకి, కొన్ని వారాల్లో ఆరిపోతాయి. బొద్దింకలు వచ్చేదీ ఆ దారినే. కాబట్టి వచ్చే మనిషి చేతిలో చీపురు కన్నా ముందు మగ్గు ఉండాలి. ప్రతి జాలీలో లీటరు నీళ్లు, వారం వారం. వాషింగ్ మెషీన్ గొట్టం దూర్చిన జాలీ, ఏసీ నీళ్లు పడే జాలీ అందరూ మర్చిపోతారు. పై గదికి ఆయన వెళ్లడు అనుకుంటే, అక్కడి ట్రాపుల్లో నీళ్లు నింపి పైన రెండు చెంచాల లిక్విడ్ పారఫిన్ వేయండి, మందుల షాపులో దొరుకుతుంది. నీటి మీద తెట్టులా నిలిచి ఆవిరి కానివ్వదు. వంటనూనె వద్దు, ముక్కిపోతుంది. వారం వారం నీళ్లు పోసేచోట మాత్రం ఇది దండగ, కొట్టుకుపోతుంది.

మోటారు నెలల తరబడి తిరగకపోతే ఇంపెల్లర్ల (నీటిని నెట్టే రెక్కల) దగ్గర తుప్పు, సున్నం, సన్న ఇసుక చేరి పట్టేస్తాయి. అప్పుడు స్విచ్చి వేస్తే గుర్రుమని ఆంపియర్లు పెరుగుతాయి, స్టార్టర్ ట్రిప్ అవుతుంది. ట్రిప్ కాకపోతే వైండింగ్ కాలుతుంది. ఈసారైనా తిరుగుతుందేమోనని మళ్లీ మళ్లీ స్విచ్చి వేయకండి. పైపులు పైకి లాగించే ముందు స్టార్టర్ పెట్టెలో కెపాసిటర్ మార్పించి చూడండి. అది పోయినా ఇలాగే గుర్రుమంటుంది, ఖర్చు చాలా తక్కువ. ఇకపై పదిహేను రోజులకోసారి పది నిమిషాలు నడపాలి. ఆ నీళ్లు మేడమీదికి ఎక్కించొద్దు, కింద బోరు లైనుకు ఒక కుళాయి పెట్టించి మొక్కలకు వదలండి. జాలీల మగ్గు నీళ్లకూ అదే కుళాయి.

మేడమీది ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మూత బిగించి వెళ్లండి. చెన్నైలో మలేరియా దోమ గుడ్లు పెట్టే చోట్లలో ఈ ట్యాంకులు ముఖ్యమైనవి. సంప్ (నేలలోని నీళ్ల తొట్టి) మాత్రం సగమైనా నిండుగా ఉండాలి, దోమ దూరని మూతతో. వానల్లో అక్కడ భూగర్భజలం బాగా పైకి వస్తుంది. ఖాళీ సంప్‌ను ఆ నీరు కింది నుంచి ఎత్తుతుంది. ప్లాస్టిక్‌దైతే ఏకంగా పైకి తేలుతుంది.

కమ్మీ_కాంక్రీటు

మీరు డిసెంబరులో రావడమే సగం సమస్య అండి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2016లో వర్దా, 2023లో మిచాంగ్ తుఫాన్లు రెండూ డిసెంబరులోనే వచ్చాయి. పెచ్చుల పని, రంగు పని ఆ తడిలో చేయిస్తే నిలవదు. ఆ పనులు ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి, మీరు లేకపోయినా సరే, వీడియో కాల్‌లో చూస్తూ.

పెచ్చులు ఎందుకు ఊడతాయంటే, ఉప్పుగాలిలోని క్లోరైడ్ కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప కమ్మీ దాకా వెళ్తుంది. తుప్పు పట్టిన ఇనుముకు అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు కావాలి, అది లోపలి నుంచి నెడుతుంది. మామూలుగా మేస్త్రీ ఊడినచోట సిమెంటు పూసి వెళ్లిపోతాడు, కొన్నాళ్లకు దాని పక్కన ఊడుతుంది. చేయాల్సింది ఇది: సుత్తితో తట్టుకుంటూ పోయి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా చాక్‌పీసుతో గీయించండి. గీత లోపలంతా కొట్టించి, కమ్మీ వెనకాల వేలు దూరేంత, అంటే 20 మిల్లీమీటర్లు, ఖాళీ చేయించండి. వైర్ బ్రష్‌తో కమ్మీ మెరిసేదాకా రుద్దాలి. తర్వాత మంచినీళ్లతో కడగాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పక్కనే ఉంది కదా అని ఉప్పు బోరు నీళ్లు కొడతారు, తీసేసిన ఉప్పును మళ్లీ పెట్టినట్టే. కడిగి ఆరాక కమ్మీకి జింక్ రిచ్ ప్రైమర్, పాత కాంక్రీటుకు బాండింగ్ కోట్ (కొత్త పొర అతుక్కోవడానికి పూత), ఆపైన పాలిమర్ మోర్టార్ పొరలు పొరలుగా. కమ్మీ బాగా సన్నబడి కనిపిస్తే పూత ఆపి, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి.

బందులు, గడియలు, స్క్రూలు అన్నీ ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 గ్రేడ్‌వి వేయించండి. సముద్రం దగ్గర 304 మీద కూడా గోధుమ రంగు చుక్కలు పడతాయి, 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. రెండూ చూడ్డానికి ఒకటే, అయస్కాంతంతోనూ తేడా తెలీదు, అందుకని బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. తాళాల్లో నూనె పోయొద్దు, ఇసుక అంటుకుని జిడ్డవుతుంది. గ్రాఫైట్ పొడి ఊదండి.

సెప్టెంబరు చివర్లో మేడమీద వాననీటి గొట్టాల మూతులు శుభ్రం చేయించడం ఎంత పనున్నా తప్పించొద్దు. నాలుగు వేపాకులు, గుప్పెడు ఇసుక చాలు, మేడ చెరువవుతుంది.

ఇంజంబాక్కం_ఇల్లు

చాలా థాంక్స్. మరి బ్యాటరీ? మేం మెయిన్ ఆపేసి వెళ్తున్నాం. సీసీటీవీ పెడితే కరెంటు ఉంచాలి కదా, బిల్లు ఎంత వస్తుంది?

ఈబీ_మీటర్

మెయిన్ ఆపడమే బ్యాటరీని చంపుతోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను దిగిపోతుంది. దిగినది అలాగే ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా ఎక్కదు. నిండా ఎక్కిన 12 వోల్టుల బ్యాటరీ ఏమీ కలపకుండా కొలిస్తే 12.7 దగ్గర చూపాలి. 12.4కి దిగితే చార్జి పెట్టాలి.

మెయిన్ ఉంచి, ఇన్వర్టర్, కెమెరాల ఎంసీబీలు (బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్చిలు) మాత్రం ఆన్‌లో పెట్టండి. మిగతావన్నీ ఆఫ్. నాలుగు కెమెరాలు, రికార్డర్, రౌటర్ కలిపి 45 వాట్లు అనుకోండి, అరవై రోజులకు దాదాపు 65 యూనిట్లు. తమిళనాడులో ఇంటి కనెక్షన్‌కు రెండు నెలల బిల్లులో తొలి 100 యూనిట్లు ఉచితం కాబట్టి చేతి నుంచి పడేది పెద్దగా ఉండదు. వచ్చినప్పుడల్లా ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే స్విచ్చి) మీద టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడిపోవాలి.

సంప్_మోటారు

ఒక చిన్న తేడా. పదకొండు నెలలు చార్జింగ్‌లో వదిలేస్తే నీళ్లు తగ్గుతాయి, పలకలు బయటపడతాయి. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి ఉంటేనే అలా. లేకపోతే నిండా చార్జి ఎక్కించి, తీగలు విప్పి, టెర్మినళ్లకు వాసలిన్ రాసి, రెండు మూడు నెలలకోసారి ఒక రోజు కలిపి చార్జి పెట్టించండి.

ఈబీ_మీటర్

సరే, ఒప్పుకుంటా. ఎలా చేసినా మనిషి కావాల్సిందే.

పట్టా_చిట్టా

ఆ మనిషి గురించే రెండు మాటలు. జీతం చేతికి నగదుగా కాకుండా మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులకు ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయల ఖాతా) నుంచి ప్రతినెలా వేయండి, కేర్‌టేకర్ అని కాగితం రాయించుకోండి. ఎన్నేళ్లు ఉన్నా కాపలాదారుకు ఇంటి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2012లో స్పష్టంగా చెప్పింది. కానీ ఆయన కాపలాదారే అని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి కదా. మీ ఇంటి చిరునామాతో ఆయన పేర గ్యాసు, రేషన్ కార్డు రానివ్వొద్దు.

అక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే పన్ను కట్టడం, రిపేర్లు, ఈబీ (కరెంటు బోర్డు) వ్యవహారాల వరకే రాయండి, అమ్మే అధికారం వద్దు. విదేశంలో సంతకం చేసిన కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఈ గడువు చాలామంది దాటేస్తారు. ఏడాదికోసారి తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసి చూసుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే ‘ఎవరూ నివసించని ఇల్లు’ షరతు చదవండి. వరసగా ఇన్ని రోజులు దాటితే దొంగతనానికి వర్తించదని చాలా పాలసీల్లో ఉంటుంది.

ఇంజంబాక్కం_ఇల్లు

గేటు కూడా తుప్పే. రెడ్ ఆక్సైడ్ సరిపోతుందా?

కమ్మీ_కాంక్రీటు

సరిపోదు, ఆ గాలికి ఆగదు. పాత రంగు ఇనుము కనిపించేదాకా గీకించి, మంచినీళ్లతో కడిగి, ఆరిన రోజే జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమర్, దానిమీద ఎపాక్సీ, చివర పీయూ (పాలీయురెథేన్) పూత. ఎపాక్సీ ఒక్కటే వదిలేస్తే ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. ఎపాక్సీ రెండు డబ్బాలుగా వస్తుంది, కలిపాక కొన్ని గంటల్లో గడ్డకడుతుంది. పెయింటర్ మొత్తం ఒకేసారి కలిపి, మిగిలింది రేపు థిన్నర్ పోసి వాడతానంటే ఒప్పుకోవద్దు.