యూజర్ ప్రొఫైల్ పాడైంది, థండర్‌బర్డ్‌లో ఏడేళ్ల మెయిళ్లు కనిపించడం లేదు

ప్రశ్న:
సార్, కాస్త అర్జెంటు. మాది రాజమండ్రిలో చిన్న శుభలేఖల ప్రెస్. పెళ్లివారు మేటర్, ఫొటోలు, డిజైన్లు అన్నీ మెయిల్లోనే పంపుతారు. నిన్న సాయంత్రం కంప్యూటర్ షట్‌డౌన్ అవుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ కూడా నిలవలేదు. పొద్దున ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కొత్త మెషీన్‌లా ఖాళీగా ఉంది. టెంపరరీ ప్రొఫైల్‌తో సైన్ ఇన్ అయ్యారని మెసేజ్ వచ్చింది. మేం మెయిళ్లు చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ తెరిస్తే అకౌంట్ కొత్తగా పెట్టుకోమంది, పెట్టాను. ఈ రోజు వచ్చిన 14 మెయిళ్లు దిగాయి, అంతే. మాది పాప్ అకౌంట్, అంటే మెయిళ్లు సర్వర్ నుంచి మా కంప్యూటర్‌లోకి దిగేది. సర్వర్‌లో చోటు తక్కువని, దిగిన మెయిల్ అక్కడ ఉండకుండా మొదటి నుంచీ సెట్ చేసుకున్నాం, ఇప్పుడూ అలాగే పెట్టాను. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, 9 కార్డులు ప్రూఫ్ దశలో ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. రీస్టార్ట్ చేస్తే సరిపోతుందని పక్క షాపు అబ్బాయి అంటున్నాడు. చేయమంటారా?

జవాబు:
ఆగండి. ఇప్పుడే రీస్టార్ట్ వద్దు, సైన్ అవుట్ కూడా వద్దు. టెంపరరీ ప్రొఫైల్ అంటే మీ అసలు యూజర్ ఫోల్డర్ తెరుచుకోనప్పుడు విండోస్ తాత్కాలికంగా ఇచ్చేది, అందులో ఉన్నదంతా మీరు బయటికి రాగానే విండోస్ చెరిపేస్తుంది. ఏడేళ్ల మెయిళ్ల సంగతి తర్వాత చూద్దాం, ఈ 14 మెయిళ్లు మాత్రం ఇప్పుడు సర్వర్‌లో లేవు, ఆ టెంపరరీ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. ముందు వాటిని కాపాడాలి.

థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూ, అందులో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ప్రొఫైల్ ఫోల్డర్ అనే వరుసలో ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. తర్వాత థండర్‌బర్డ్ మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని డీ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. డీ డ్రైవ్ విండోస్ యూజర్ ప్రొఫైల్ బయట ఉంటుంది కాబట్టి దాని జోలికి ఎవరూ రారు.

ఇక పాత మెయిళ్లు. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, మీ పాత యూజర్ పేరు అక్కడే ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి పాడైంది ఆ యూజర్ సెట్టింగ్స్ ఉండే ఫైలే అయుండాలి, మెయిల్ ఉండే ఫైళ్లు వేరు. లోపలికి వెళ్లబోతే పర్మిషన్ లేదంటుంది, కంటిన్యూ నొక్కండి. తర్వాత యాప్‌డేటా, రోమింగ్, థండర్‌బర్డ్, ప్రొఫైల్స్ అని వరుసగా వెళ్లాలి. యాప్‌డేటా దాచి ఉంటుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది. ఏం దొరికిందో ఇక్కడ రాయండి.

ప్రశ్న అడిగినవారు:
14 మెయిళ్ల ఫోల్డర్ కాపీ అయింది సార్. పాత ఫోల్డర్ కూడా దొరికింది! ప్రొఫైల్స్‌లో మెయిల్ అని ఉంది, దాంట్లో మా సర్వర్ పేరుతో ఇంకో ఫోల్డర్. అందులో ఇన్‌బాక్స్ అని రెండు ఫైళ్లున్నాయి. ఒకటి ఎంఎస్ఎఫ్, చిన్నది. ఇంకోదానికి ఎక్స్‌టెన్షనే లేదు, సైజు 5.8 జీబీ. డబుల్ క్లిక్ చేస్తే దేనితో తెరవాలని అడుగుతోంది. పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది, అయినా ఫైల్ మరీ పెద్దదని కాపీ కానివ్వడం లేదు.

జవాబు:
ఆ ఎక్స్‌టెన్షన్ లేని ఫైలే మీ ఏడేళ్ల మెయిల్. వచ్చిన ప్రతి మెయిలూ, దాంతోపాటు వచ్చిన ఫొటోలూ ఒకదాని వెనక ఒకటి ఆ ఒక్క ఫైల్లోనే చేరుతూ వచ్చాయి. ఎంఎస్ఎఫ్ అనేది దానికి విషయసూచిక లాంటిది, పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారు చేసుకుంటుంది. పెద్ద ఫైల్‌ని దేనితోనూ తెరవకండి.

పెన్‌డ్రైవ్ సమస్య ఖాళీ గురించి కాదు. అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది, దాంట్లో 4 జీబీ మించిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పడుతుంది, కానీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి. ప్రస్తుతానికి ప్రొఫైల్స్‌లో ఉన్న ఆ పాత ఫోల్డర్ మొత్తం డీ డ్రైవ్‌లోకే వేయండి. అడ్రస్ బుక్, ఫిల్టర్లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అన్నీ దాంట్లోనే ఉంటాయి, కాబట్టి ఇన్‌బాక్స్ ఒక్కటే తీస్తే చాలదు.

ఇంకొకరు:
మా ఆఫీసులోనూ ఇలాగే అయింది, మాది ఔట్‌లుక్. పాప్ అకౌంట్ కావడంతో డాక్యుమెంట్స్‌లో ఔట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో మెయిళ్లన్నీ ఉండే పీఎస్‌టీ ఫైల్ దొరికింది, ఫైల్ మెనూ నుంచి తెరిస్తే వచ్చేసింది. ఓఎస్‌టీ ఫైల్ (సర్వర్‌లోని మెయిల్‌కు కాపీ) ఉన్నవాళ్లకు అది అలా తెరుచుకోదు. వాళ్ల మెయిల్ మామూలుగా సర్వర్‌లో ఉంటుంది, ముందు బ్రౌజర్‌లో లాగిన్ అయి చూసుకోవాలి. ఒక్క మాట, పాత యూజర్‌ని సెట్టింగ్స్‌లో రిమూవ్ చేయకండి. అకౌంట్‌తో పాటు డేటా కూడా డిలీట్ అని అది అడిగేది ఆ యూజర్ ఫోల్డర్ గురించే.

ప్రశ్న అడిగినవారు:
కాపీ పూర్తయింది. సైజు సరిచూశాను, తేడా లేదు. వీడియోల్లో, విండోస్ సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో పేరు చివర బాక్ అని ఉన్నది డిలీట్ చేయమంటున్నారు, చేయనా?

జవాబు:
ఇప్పుడు రీస్టార్ట్ చేయండి. ఒక్కోసారి పాత ప్రొఫైల్ దానంతటదే తెరుచుకుంటుంది. రిజిస్ట్రీలో ప్రొఫైల్ లిస్ట్ సరిచేయడం నిజమైన పద్ధతే, కానీ అక్కడ డిలీట్ చేయడం కంటే పేరు మార్చడమే మేలు, అదీ అలవాటున్నవాళ్లు పక్కన ఉంటేనే. నేనైతే కొత్త యూజర్ పెట్టుకుంటాను.

కొత్త యూజర్‌లో థండర్‌బర్డ్ తెరిచి, అకౌంట్ పెట్టకుండానే ట్రబుల్‌షూటింగ్ పేజీలో అబౌట్ ప్రొఫైల్స్‌కి వెళ్లండి. క్రియేట్ న్యూ ప్రొఫైల్ అని, చూజ్ ఫోల్డర్‌లో డీ డ్రైవ్‌లోని పాత కాపీని చూపించండి. 14 మెయిళ్ల కోసం, థండర్‌బర్డ్ మూసి ఉండగా, టెంపరరీ కాపీలోని ఇన్‌బాక్స్ ఫైల్‌ని వేరే పేరు పెట్టి పాత కాపీలో మెయిల్ కింద లోకల్ ఫోల్డర్స్‌లో వేయండి. పేరు చివర ఎక్స్‌టెన్షన్ వద్దు. తెరిస్తే పక్కన ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రీస్టార్ట్‌తో రాలేదు, కొత్త యూజర్‌తో వచ్చేసింది సార్! మొత్తం ఉంది. ఇన్‌బాక్స్‌లో పాత తేదీలు కాసేపు ఖాళీగా కనిపించి గుండె ఆగినంత పనైంది. ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కాక నిండాయి. 14 మెయిళ్లలో ఒకటి పెళ్లికూతురి ఇంటిపేరు సవరణ, అది చూడకుండా ప్రింటుకి వెళ్లి ఉంటే 800 కార్డులు దండగయ్యేవి. మీకు ఎంతో రుణపడి ఉన్నాను. పాత ఫోల్డర్ ఎప్పుడు తీసేయొచ్చు?

జవాబు:
చాలా సంతోషం. ఈ సీజన్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. సీ, డీ రెండూ చాలా మెషీన్లలో ఒకే హార్డ్ డిస్క్ మీద ఉంటాయి, కాబట్టి ఇవాళే ఇంకో కాపీ బయటి హార్డ్ డిస్క్‌లో వేయండి. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్పించండి.