బి−వి 0.02 ఉన్న నక్షత్రం ఏ0 కాకుండా ఓ9.5 ఎలా అయింది?

ప్రశ్న:
యూబీవీ రంగులు (యు అతినీలలోహిత, బి నీలం, వి పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్లలో కొలిచిన ప్రకాశాల తేడాలు) చూసి నక్షత్రాల స్పెక్ట్రల్ టైప్ (వేడిని బట్టి వేసే తరగతి: ఓ అన్నిటికంటే వేడి, తర్వాత బీ, ఏ...) గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాను. జీటా ఒఫియూకై (జ్యేష్ఠకి సుమారు 16 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది) బి−వి 0.02 (ఈ అంకె ఎంత తక్కువైతే నక్షత్రం అంత నీలం). అభిజిత్‌కి సున్నా కదా, దాని పక్కనే ఉంది కాబట్టి ఏ0 అని రాసేశాను. కేటలాగ్‌లో చూస్తే ఓ9.5! రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను, తప్పెక్కడ జరిగింది?

జవాబు 1:
మీ లెక్క తప్పు కాదండీ, దారిలో ధూళి ఉంది. అది నీలం కాంతిని ఎక్కువగా తినేస్తుంది, అందుకే అంత వేడి నక్షత్రం కూడా తెల్లగా కనిపిస్తోంది. బి−వి ఒక్కటే చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు, యు−బి కూడా చూడండి. అభిజిత్‌కి అదీ సున్నాయే, దీనికి మాత్రం −0.86. ధూళి బి−విని 1 పెంచితే యు−బిని దాదాపు 0.72 పెంచుతుంది, కాబట్టి యు−బి లోంచి 0.72 రెట్లు బి−వి తీసేస్తే ధూళి ప్రభావం కొట్టుకుపోతుంది. దీన్నే క్యూ అంటారు, 1953లో జాన్సన్, మోర్గాన్ ఇచ్చిన పద్ధతి. ఇక్కడ క్యూ −0.87 వస్తుంది. దాన్ని 0.332తో గుణిస్తే అసలు బి−వి −0.29, అంటే ఓ చివర, బీ మొదట్లో ఉండే రంగు. కనిపించే 0.02కీ దీనికీ తేడా 0.31, ఎర్రబారింది అంతన్నమాట. దాన్ని 3.1తో (ఎర్రబారడానికి ఎన్ని రెట్లు వెలుగు తగ్గుతుందో చెప్పే అంకె) గుణిస్తే దాదాపు 1 మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె తక్కువైతే వెలుగు ఎక్కువ). ధూళే లేకపోతే ఇప్పుడు 2.56గా ఉన్న నక్షత్రం 1.6గా వెలిగేది, నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ, ఇప్పుడే వేసి చూశాను, సరిగ్గా వచ్చింది! మరి ఆర్ద్ర లాంటి ఎర్ర నక్షత్రాలకీ ఇదే వేయొచ్చా?

జవాబు 2:
వద్దు. ఇది ఓ, బీ నక్షత్రాలకి, మహా అయితే ఏ0 దాకా. ఆ తర్వాత యు−బి, బి−వి గ్రాఫ్ గీత వంపు తిరుగుతుంది, ఒకే క్యూ వేర్వేరు టైపులకి సరిపోతుంది. అక్కడ స్పెక్ట్రమే తీయాలి. ధూళి రంగు మారుస్తుంది గానీ స్పెక్ట్రంలో మూలకాల గీతల్ని చెరపలేదు, జీటా ఒఫియూకైలో అయనీకృత హీలియం గీతలు కనిపించాయంటే అది ఓ టైపే. ఇంకో మాట, 3.1 అనేది సగటు మాత్రమే. ఓరియన్ నెబ్యులా వైపు ఆ అంకె 5 దాటిన నక్షత్రాలున్నాయి, అక్కడ ధూళి రేణువులు పెద్దవి, కాబట్టి అటువైపు నక్షత్రాలకి దూరం లెక్కేసేటప్పుడు కళ్ళు మూసుకుని 3.1 పెట్టకండి.