సంస్కార చదివాక ఒక డౌట్: కళ్ళు తెరుచుకునేది ఎప్పుడూ పెద్దమనుషులకేనా?

కోరమంగళ_పాఠకుడు:

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉద్యోగం బెంగళూరులో. ఆఫీసులో కన్నడ ఫ్రెండ్ ఒకడు పట్టుబట్టి అనంతమూర్తి గారి కన్నడ నవల సంస్కార చదివించాడు, కన్నడ లిపి మనకి దగ్గరే కాబట్టి కూడబలుక్కుంటూ, అర్థం కానిచోట రామానుజన్ గారి ఇంగ్లీష్ అనువాదం చూసుకుంటూ మొత్తానికి పూర్తి చేశా. అప్పట్నించీ ఒకటే ఆలోచన.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. దూర్వాసపురం అని ఒక అగ్రహారం. అందులో నారణప్ప అనే బ్రాహ్మడు మాంసం తిని, తాగి, చంద్రి అనే వేశ్యని ఇంట్లో పెట్టుకుని ఊరందర్నీ ధిక్కరించి బతికాడు. ప్లేగొచ్చి పోయాడు. శవం దహనం అయ్యేదాకా అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టకూడదు, కానీ వాడికి కర్మ ఎవరు చెయ్యాలి, అసలు చెయ్యొచ్చా అనేది తేలట్లేదు. ప్రాణేశాచార్యులు కాశీలో చదువుకొచ్చిన పండితుడు, ఊరంతా ఆయన మొహమే చూస్తోంది, ఆయన తాళపత్రాలన్నీ తిరగేసినా జవాబు లేదు. మారుతి గుడికెళ్ళి కూర్చుంటే దేవుడూ పలకలేదు. ఆ రాత్రి తిరిగొస్తూ అడవిలో చంద్రితో కలుస్తాడు, అంతే, అక్కడ్నించి ఆయన నమ్ముకున్నదంతా ఒక్కొక్కటే ఊడిపోతుంది. మంచాన పడ్డ భార్యకి ఏళ్ళ తరబడి చేసిన సేవ కూడా భక్తా, లేక నేను గొప్పవాణ్ణి అనిపించుకోవాలనే కోరికా అన్న అనుమానం చదువుతుంటే మనకే వచ్చేస్తుంది.

ఇప్పుడు నా డౌట్. ఆచార్యులు అంత మథనపడుతుంటే చంద్రి ఏం చేసింది? శవం కుళ్ళిపోతోందని తెలిసి, బండివాణ్ణి అడిగితే వాడు రాకపోతే, అహ్మద్ బారి అనే చేపల వ్యాపారి సాయంతో రాత్రికి రాత్రి దహనం చేయించేసింది. అగ్రహారం మొత్తం పస్తులుండి తన్నుకుంటున్న సమస్యని ఆవిడ తెల్లారేలోపు తేల్చేసింది, ఆ సంగతి అక్కడివాళ్ళకి తెలీనే తెలీదు. తర్వాత కుందాపురం దారి పట్టి నవల్లోంచే వెళ్ళిపోతుంది. మనం మాత్రం ఆచార్యుల వెనకాలే జాతర, కోడిపందేలు అన్నీ తిరుగుతాం.

సమాజం అబద్ధం అని, స్వేచ్ఛ అంటే ఇంకేదో అని తెలుసుకునే హక్కు కథల్లో ఎప్పుడూ పరువు, చదువు ఉన్నవాడికేనా? బయట ఉంచినవాళ్ళు వాడికి పాఠం చెప్పి వెళ్ళిపోవడానికేనా ఉన్నది? తెలుగులో దీనికి ఎదురు ఉదాహరణలుంటే చెప్పండి, చదువుకుంటా.

విజయనగరం_వైట్‌ఫీల్డ్:

మంచి ప్రశ్న అండి. ఎదురు ఉదాహరణ కాదు గానీ ఇదే సీను మనకి కన్యాశుల్కంలో ఉంది, మనం ఇవాళ చదివే 1909 కూర్పు చివర్లో. 1890ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో యాంటీ నాచ్ ఉద్యమం గట్టిగా నడిచింది, వీరేశలింగం గారు కూడా అందులో ఉన్నారు, భోగంవాళ్ళ ఆట చూడకూడదు అని పెద్దమనుషులు ఒట్లు పెట్టుకున్న రోజులు. సౌజన్యారావు పంతులు గారు ఆ బాపతు వకీలు, నిజంగా మంచాయన, వేశ్య మొహం చూడనని నియమం. హత్య కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లని కాపాడాలని చూస్తున్నారు. కానీ ఆ కేసు విప్పే నిజం ఎవరి దగ్గరుంది? మధురవాణి దగ్గర. లుబ్ధావధాన్లు చంపాడంటున్న పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదు, ఆడవేషం వేసుకున్న కుర్రాడు అని తెలిసిన మనిషి ఆవిడ. మగవేషంలో ఆయన ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది.

ఆ చివరి మాటలు ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటాయి. ఆవిడ సాయానికి బదులుగా ముద్దు అడుగుతుంది, ఆయన నియమానికీ అవతల ఒక మనిషి ప్రాణానికీ మధ్య ఇరుక్కుంటాడు, తీరా ఆయన ఒప్పుకునే సమయానికి ఆవిడే వద్దంటుంది, మంచివాళ్ళని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పింది అని. అంటే ఆయన ఎవరికైతే నీతి లేదనుకున్నాడో ఆ మనిషే ఆయన నీతిని కాపాడింది. ఇంకో పక్క ఆయన సంస్కర్త అని నమ్మిన గిరీశం ఎలాంటివాడో కూడా ఆవిడ వల్లే బయటపడుతుంది. తన లోకంలో మంచీ చెడూ ఎటు పక్క ఉన్నాయో ఆ ఒక్క రాత్రిలో ఆయనకి తారుమారైపోయింది.

ఆయన ఆవిడకి భగవద్గీత ఇస్తాడు. మీ డౌట్ నాకూ అక్కడే వస్తుంది. నేర్చుకున్నది ఆయన, పుస్తకం ఇచ్చింది మళ్ళీ ఆయనే. గురజాడ కావాలనే అలా పెట్టారని నా నమ్మకం, మధురవాణికి అంతకుముందే తెలియంది ఆ నాటకంలో ఏమీ లేదు.

నెల్లూరాయన:

బాబూ కోరమంగళా, చంద్రి వెళ్ళిపోయింది అన్నావు గనక ఒక సంగతి చెప్పాలి. సంస్కారని 1970లో సినిమా తీసింది మన నెల్లూరు మనిషి, పఠాభి, అదే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1939లో ఫిడేలు రాగాల డజన్ రాసి పద్యాల నడుములు విరగదంతానన్న కవి ఆయనే. ప్రాణేశాచార్యులుగా గిరీశ్ కర్నాడ్, చంద్రిగా పట్టాభి గారి భార్య స్నేహలత. మొదట సెన్సారు వాళ్ళు ఆపేశారు, తర్వాత బయటికొచ్చి జాతీయ ఉత్తమ చిత్రం అయింది.

ఎమర్జెన్సీలో 1976లో స్నేహలతని అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. ఆస్తమా మనిషి. జైల్లో డైరీ రాసుకుంది, తోటి ఆడఖైదీల కోసం కొట్లాడింది. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలిన కొద్దిరోజులకే పోయింది. మీరంతా ధర్నాలు చూసే ఫ్రీడమ్ పార్కు ఆ పాత జైలు స్థలమే. ఆ దారిన పోయేవాళ్ళకి ఈ కథ తెలియాలని నా కోరిక.

ఇక నీ ప్రశ్న. నేను ఆచార్యుల పక్షం కొంచెం మాట్లాడతా. తెలుసుకోవడం అనేది నమ్మినవాడికే జరుగుతుంది నాయనా, నమ్మకం లేనివాడికి కూలడానికి ఏముంటుంది? చంద్రి ఆ శాస్త్రాన్ని ఎప్పుడూ నమ్మలేదు, శాస్త్రమే ఆమెని లెక్కలోకి తీసుకోలేదు. ఆచార్యుల కష్టం వేరే. తెలిసింది, సరే, తిరిగొచ్చి నలుగురిలో చెప్తాడా? మైలలో ఉండి గుళ్ళో పంక్తిలో కూర్చుని భోజనం చేసినప్పుడు ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆయన పడే భయం ఉంది చూశావా, నవల మొత్తానికి అది గుండెకాయ. అడవిలో దొరికింది స్వేచ్ఛ కాదు. చెప్పగలిగితే స్వేచ్ఛ. రచయిత ఆయన్ని బండెక్కించి అక్కడే ఆపేశాడు, చెప్పాడో లేదో మనకి వదిలేశాడు. అందుకే 1965 నించి ఇప్పటిదాకా జనం వాదించుకుంటూనే ఉన్నారు.

హెబ్బాళ్_సిరి:

నెల్లూరాయన గారూ, ఫ్రీడమ్ పార్కు సంగతి నాకు అస్సలు తెలీదు, ఇక్కడే పుట్టి పెరిగాను, స్కూల్లో ఎవరూ చెప్పలేదు. థాంక్యూ అంకుల్.

జయనగర్_లైబ్రరీ:

నమ్మినవాడికే జరుగుతుంది అన్న మాటతో సగం ఒప్పుకుంటానండి. మరి ఆడవాళ్ళు నమ్మలేదా? మనల్ని నమ్మించినంతగా ఎవర్ని నమ్మించారు? అందుకే కోరమంగళ గారు అడిగిన ఎదురు ఉదాహరణలు నేను ఆడపాత్రల్లోంచి ఇస్తా.

చలం మైదానం, 1927. రాజేశ్వరి ప్లీడరు భార్య, అమీర్‌తో లేచిపోతుంది, సమాజాన్ని వదిలేసి మైదానంలో ఆకాశం కింద బతుకుతుంది, అందరూ ఇంతవరకే చెప్పుకుంటారు, చాలామంది తిట్టేదీ మెచ్చేదీ ఇక్కడిదాకే. నాకు ముఖ్యం అనిపించేది ఆ తర్వాత. అమీర్ మనసు ఇంకో పిల్ల మీదకి పోతుంది. రాజేశ్వరి కడుపుతో ఉంటే అమీర్‌కి అది ఇష్టం ఉండదు. అక్కడ మొగుడు లేడు, అత్తగారు లేదు, ఊరు లేదు, అయినా ఆమె ఒళ్ళు ఎవరిది అనే ప్రశ్న వచ్చి ముందు నిలబడింది. సంఘం ఇల్లు దాటితే అయిపోయేది కాదు, అది ప్రేమించిన మనిషి వెంట కూడా వస్తుంది, ఇది రాజేశ్వరి తన ఒంటి మీద తెలుసుకుంది. ఎవరో మగాడికి పాఠం చెప్పడానికి కాదు, కథ చెప్పేది కూడా ఆమే.

ఇంకోటి ఓల్గా గారి కథల పుస్తకం విముక్త, దానికి సాహిత్య అకాడమీ అవార్డు 2015లో ఇచ్చారు. అందులో మొదటి కథ సమాగమం. రాముడు వదిలేశాక వాల్మీకి ఆశ్రమంలో ఉన్న సీత, శూర్పణఖని కలుస్తుంది. సీత వరకు శూర్పణఖ అంటే ఏంటి? రాక్షసి, శత్రువు, తన కాపురం చెడడానికి మొదటి కారణం. తీరా చూస్తే ముక్కూ చెవులూ పోయిన ఆ మనిషి, పగ అంతా అయిపోయాక ఒక అందమైన తోట పెంచుకుని, తన కాళ్ళ మీద తను నిలబడి, సుధీరుడు అనే తోడుతో నిమ్మళంగా బతుకుతోంది. నీకూ నాకూ చేసింది ఒకే మగవాళ్ళ పంతం కదా అని సీతకి అర్థమవుతుంది. ఇక్కడ గమనించండి, శూర్పణఖ పాఠం చెప్పి మాయమవ్వదు. ఆవిడ ఎలా కుంగింది, ఎలా లేచింది, మొత్తం ఆవిడ నోటితోనే వింటాం. చంద్రికి దక్కనిది శూర్పణఖకి దక్కింది.

ఆ పుస్తకంలో చివరి కథ పేరు బంధితుడు. బంధితుడు ఎవరంటే రాముడు. ఆడవాళ్ళందరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బయటపడుతుంటే రాజ్యం చేతిలో ఉన్నాయన మాత్రం ధర్మం పేరుతో కట్టుబడిపోయి ఉంటాడు. ప్రాణేశాచార్యుల్ని దాని పక్కన పెట్టి చదవండి, చాలా అర్థమవుతుంది.

పల్నాడు_పిల్లోడు:

అందరూ గొప్పగా చెప్పారు గానీ నాకొక బాధ ఉంది, అన్నీ ఒక మనిషి లోపల జరిగేవే. ఒక్కడికి కళ్ళు తెరుచుకుంటే పక్కింటోడికి కూడు దొరుకుద్దా? మాలపల్లి తీయండి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు పల్నాడు పుల్లరి (అడవిలో పశువుల మేతకి కట్టే పన్ను) గొడవల టైములో జైలుకి పోయి రాయవెల్లూరు జైల్లో రాశారు, 1922లో అచ్చయితే మద్రాసు సర్కారు నిషేధించింది. సినిమా ఆపితే సెన్సారు అంటున్నారే, నవలకే అంత భయపడ్డారంటే అందులో ఏదో ఉన్నట్టే కదా.

రామదాసు మాలపల్లెలో భక్తుడు, కష్టపడితే, ఓర్చుకుంటే, దేవుణ్ణి తలుచుకుంటే చాలనుకునే మనిషి. చిన్నకొడుకు సంగదాసు కూలోళ్ళ తరఫున నిలబడితే కామందు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. పెద్దకొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడు అని పేరు మార్చుకుని పెద్దోళ్ళని దోచి పేదోళ్ళకి పంచే దారి పట్టాడు. ఒకే ఇంట్లో తండ్రి ఓర్పు, తమ్ముడి న్యాయం, అన్న తిరుగుబాటు. ఆచార్యులకి వచ్చిన ప్రశ్న పుస్తకంలో వెతికినా దొరకని ప్రశ్న, వీళ్ళ ప్రశ్న అట్లాంటిది కాదు, కామందు ఒప్పుకోడు, కోర్టు వినదు, ఇప్పుడేం చేద్దాం అనేది. ఊరవతల ఉన్నోళ్ళకి సమాజం ఏంటో పుట్టినప్పుడే తెలుసు, తెలుసుకోవాల్సింది దాన్ని ఎట్లా మార్చాలో. కోరమంగళ అన్నా, నీకు కావాల్సిన ఎదురు ఉదాహరణ ఇదే.

కోరమంగళ_పాఠకుడు:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి మళ్ళీ మళ్ళీ చదివా. పల్నాడు తమ్ముడు చెప్పింది నన్ను బాగా పట్టుకుంది, తెలుసుకోవడం వేరు, ఏం చెయ్యాలో వెతుక్కోవడం వేరు. చంద్రి రెండోది చేసింది, శాస్త్రం ఏమంటుందో ఆవిడకి అక్కర్లేదు, శవం ఉంది, తగలబెట్టాలి, ఎవరు సాయం వస్తారు అని చూసింది.

కానీ జయనగర్ మేడమ్, ఒక్కటి అడగాలి. శూర్పణఖకి తోట ఉంది, అడవి ఉంది. రాజేశ్వరికి మైదానం ఉంది, అదీ నిలవలేదు. మరి ఊళ్ళోనే ఉండి, ఉద్యోగం చేసుకుంటూ, అద్దె కట్టుకుంటూ స్వేచ్ఛని వెతుక్కున్న పాత్ర తెలుగులో ఉందా?

జయనగర్_లైబ్రరీ:

ఉందండి, ఓల్గా గారిదే స్వేచ్ఛ నవల, 1980ల్లో వచ్చింది. అరుణ అనే అమ్మాయి. పుట్టింట్లో ఊపిరాడక, ప్రేమించినవాణ్ణి పెళ్ళి చేసుకుంటే చాలు స్వేచ్ఛ దొరికినట్టే అని నమ్ముతుంది. భర్త రాక్షసుడేం కాదు, మామూలు మనిషి, అదే అసలు చిక్కు. కొడితే వదిలెయ్యొచ్చు, ఎందుకు లేటయింది, ఎవరితో మాట్లాడుతున్నావ్, ఈ మీటింగులు నీకెందుకు అని ప్రేమగానే అడుగుతుంటే ఏం చేస్తారు? ఆ నవల చదివి మా కజిన్ వాళ్ళాయనకి కూడా ఇచ్చింది, ఆయన సగంలో ఆపేసి ఇందులో వాడి తప్పేముంది అన్నాడట, నాకైతే ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే ఆ పుస్తకం మొత్తం చదవాలనిపిస్తుంది. మీరు చదివి మీకేమనిపించిందో ఇక్కడే రాయండి, ముఖ్యంగా భర్త వైపు నించి ఎలా ఉందో, మగవాళ్ళు ఎవరూ దాని గురించి రాయరు.