అప్‌డేట్: లక్కపిడతలు దొరికాయి

మా అమ్మాయితో కలిసి పాత బొమ్మలు సేకరించాలని ఉంది, చిన్నప్పటి లక్కపిడతలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయని ఇదివరకు అడిగాను కదా. చాలామంది లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక పేరు చెప్పారు. వెళ్లొచ్చాం. తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతుంటే దానికి రంగు లక్క కడ్డీ ఆనించారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేసింది. ఆపైన మొగలి ఆకుతో రుద్దేసరికి నిగనిగలాడింది. మా అమ్మాయి అక్కడి నుంచి కదిలితే ఒట్టు! తిరగలి, రోలు, పొయ్యి తనకు. బొంగరం మాత్రం నాకు. అద్దాల బీరువాలో దాచమన్నవారు మన్నించాలి, అన్నీ నేల మీదే ఉన్నాయి. రోకలి అప్పుడే సోఫా కిందికి దొర్లిపోయింది. వచ్చే సెలవుల్లో కొండపల్లి వెళ్లాలి. అంబారీ ఏనుగు కావాలట.